పన్నెండు రెక్కల అనాస పువ్వు కల్తీ సరుకేనా?

మీరు అడిగినదాని సారాంశం ఇది. అరుణాచల్ ప్రదేశ్‌లోని పశ్చిమ కామెంగ్ జిల్లా నుంచి వచ్చిన మిత్రులొకరు కొండ అనాస పువ్వు అంటూ మీకు ఒక పొట్లం ఇచ్చారు. మీ వంటింట్లో ఉన్న అనాస పువ్వుకు ఎనిమిది రెక్కలుంటే వీటికి పదకొండో పన్నెండో ఉన్నాయి. తెలిసిన తీపి వాసన లేదు. చిన్న ముక్క నాలుక మీద వేసుకుంటే చేదుగా తగిలింది. ఇది కల్తీ సరుకా, వంటలో వేయవచ్చా, పసిబిడ్డకు కడుపు ఉబ్బరానికి కాచి పోయవచ్చా, లోపలి గింజలు నాటితే మొలుస్తాయా అన్నవి మీ ప్రశ్నలు.

వీటిలో ఆలస్యానికి తావులేనిది మూడవది కాబట్టి ముందు దానికే సమాధానం చెబుతాను. పసిబిడ్డకు ఆ కషాయం పోయకండి. ఈ పొట్లంలోనివే కాదు, అంగడిలో కొన్న మామూలు అనాస పువ్వును కూడా శిశువులకు కాచి పట్టకండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ఇక మొదటి ప్రశ్న. నేను చాలా ఏళ్ళు సుగంధద్రవ్యాల నాణ్యత పరీక్షలోనే పనిచేశాను. మీరు వర్ణించిన సరుకు నా బల్ల మీదికి ఎన్నోసార్లు వచ్చింది, దాన్ని మొదటిసారి చూసినవారందరూ మీలాగే కల్తీ అనే అనుకున్నారు. నిజానికి అది కల్తీ కాదు. అది అనాస పువ్వు చెట్టుకు దాయాది అయిన మరొక అడవి చెట్టు కాయ. పశ్చిమ కామెంగ్ కొండల్లోని మోన్‌పా ప్రజలు దాన్ని లిస్సీ అంటారు. వృక్షశాస్త్రంలో దాని పేరు ఇల్లీసియం గ్రిఫితియై. మనం వాడే అనాస పువ్వు ఇల్లీసియం వేరమ్. ఈ ప్రజాతిలో దాదాపు నలభై జాతులున్నాయి, అన్నిటి కాయా నక్షత్రం ఆకారమే. చిక్కంతా అక్కడే ఉంది: మనం ఆకారాన్ని చూసి పేరు పెట్టుకున్నాం, ఆ ఆకారం ఏ ఒక్క చెట్టుకో ప్రత్యేకం కాదు.

పేరు సంగతి వచ్చింది గనుక ఒక మాట. అనాస పువ్వుకు అనాస పండుతో ఏ చుట్టరికమూ లేదు, అది పువ్వూ కాదు. మన పోపుల పెట్టెలోని లవంగం నిజమైన పూమొగ్గ, అనాస పువ్వు మాత్రం కాయ. మీ దగ్గరున్నదాన్ని ఒకటి అరచేతిలో పెట్టుకుని వెలుతురులో చూడండి. నడుమ ఒక చిన్న స్తంభం, దాని చుట్టూ బండిచక్రం ఆకుల్లాగా పేర్చిన రెక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్క రెక్క నిజానికి ఒక చిన్న పడవ. ఒకే పువ్వులో గింజ తయారయ్యే విడివిడి భాగాలు (అండకోశ దళాలు) ఒక్కొక్కటీ ఒక్కొక్క పడవగా ముదిరి, ఎండేటప్పుడు పైఅంచు వెంబడి నోరు తెరుస్తాయి. ఆ చీలికలో చింతగింజను బాగా చిన్నది చేసినట్టుండే నున్నని, మెరిసే గోధుమరంగు గింజ ఒకటి ఉంటుంది. గింజను తీసి విడిగా నలిపి వాసన చూడండి, దాదాపు ఏమీ ఉండదు. పడవ గోడను విరిచి చూస్తే వాసనంతా అక్కడే ఉంటుంది. నూనె నిలువ ఉండేది ఆ గోడలోని గదుల్లోనే. అందుకే గింజలు రాలిపోయిన కాయ తూకానికి నష్టమే గానీ ఘుమఘుమకు నష్టం కాదు.

ఆ వాసనకు కారణం అనెథోల్ అనే పదార్థం. అసలైన అనాస పువ్వు నూనెలో అది సుమారు 85 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. సోంపు వాసనకూ ఇదే మూలం. అయినా సోంపు మొక్కకూ ఈ చెట్టుకూ బంధుత్వం లేదు. రెండు వేర్వేరు కుటుంబాల మొక్కలు ఒకే పదార్థాన్ని తయారుచేసుకున్నాయంతే. పైగా పుష్పించే మొక్కల వంశవృక్షంలో మొట్టమొదట విడిపోయిన పాత కొమ్మల్లో ఇల్లీసియం ఉన్న కొమ్మ ఒకటి. అనెథోల్‌కు ఒక చిత్రమైన గుణముంది. అది సుమారు 21 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మంచి అనాస పువ్వు నూనె సీసాను చలికాలపు ఉదయం చూస్తే పేరిన నెయ్యిలాగా తెల్లగా ఉంటుంది. నూనె ఎన్ని డిగ్రీల దగ్గర పేరుకుంటుందో చూసి దాని నాణ్యతను అంచనా వేయడం పాత పద్ధతి. ఎక్కువ చలికి గానీ పేరుకోని నూనెలో అనెథోల్ తక్కువ ఉందని అర్థం. మీ పొట్లంలోని లిస్సీలో మీకు తీపి వాసన తగలకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ కాయలో అనెథోల్ ఆధిపత్యం లేదు, అందువల్ల దాని వాసన వేరు, రుచిలో చేదు, వగరు ముందుకు వస్తాయి.

లిస్సీ చెట్టు గురించి చెప్పాలి. తూర్పు హిమాలయాల్లో, భూటాన్ నుంచి అరుణాచల్ మీదుగా ఇంకా తూర్పుకు, సుమారు 1,700 నుంచి 2,800 మీటర్ల ఎత్తులో, ఓక్, మాగ్నోలియా, రోడోడెండ్రాన్ చెట్ల మధ్య పెరిగే సతతహరిత వృక్షమిది. పశ్చిమ కామెంగ్‌లోని దిరాంగ్ పైనున్న కొండల్లో దీన్ని మొదటిసారి చూసినప్పుడు నేను గుర్తుపట్టలేదని ఒప్పుకోవాలి. పెద్ద ఓక్ చెట్ల నీడలో అణిగి, మందమైన నున్నని ఆకులతో, చూడగానే ఏదో మాగ్నోలియా మొక్క అనిపించేటట్టు ఉంది. వెంట వచ్చిన ఊరి పెద్దాయన ఒక ఆకు తెంపి, నలిపి, నా ముక్కు దగ్గర పెట్టిన తరువాత గానీ అది ఏ చెట్టో తెలియలేదు. పూలు లేత పసుపు, తెలుపు రంగుల్లో ఉంటాయి. అసలైన అనాస పువ్వు చెట్టు పూలు గులాబీ నుంచి ముదురు ఎరుపు వరకు ఉంటాయి. కాయకు సాధారణంగా 10 నుంచి 13 రెక్కలు. మీరు లెక్కపెట్టిన పదకొండు, పన్నెండు దీనికి సరిగ్గా సరిపోతాయి. విలియం గ్రిఫిత్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి గౌరవార్థం 1855లో జోసెఫ్ డాల్టన్ హుకర్, థామస్ థామ్సన్ దీనికి ఆ పేరు పెట్టారు. ఈ హుకర్ గారితో మనకు మళ్ళీ పని పడుతుంది.

ఒకే ఆకారాన్ని చూసి మోసపోవడం మీతో మొదలైనది కాదు. ఈ విషయంలో, మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన సాక్షాత్తు లిన్నేయస్ పొరబడ్డాడు. ఆంగ్ల నావికుడు థామస్ కావెండిష్ 1588లో ఫిలిప్పీన్స్ వైపు నుంచి ఈ కాయల్ని లండన్‌కు తెచ్చాడు. అక్కడ వాటిని సంపాదించిన క్లూసియస్ అనే పండితుడు 1601లో వాటిని వర్ణించాడు. ఆ తరువాత ఒకటిన్నర శతాబ్దం పాటు కాయ ఐరోపా వంటిళ్ళలోకి వస్తూనే ఉంది గానీ, అది కాసే చెట్టును అక్కడి శాస్త్రజ్ఞులెవరూ చూడలేదు. ఇంతలో జపాన్‌లో కొంతకాలం ఉండి వచ్చిన కెంప్ఫర్ అనే వైద్యుడు 1712లో అక్కడి షికిమి అనే చెట్టు వర్ణనను, చిత్రాన్ని ప్రచురించాడు. కాయ అదే నక్షత్రం. లిన్నేయస్ రెండింటినీ ఒకటిగా భావించి, 1759లో ఆ జపాన్ చెట్టుకు ‘సోంపు వాసన గలది’ అనే అర్థంలో ఇల్లీసియం అనిసేటమ్ అని పేరు పెట్టాడు. తీరా చూస్తే ఆ చెట్టుకు సోంపు వాసన లేదు సరికదా, అది విషవృక్షం.

జపాన్‌లో ఈ విషయం అందరికీ తెలిసినదే. షికిమిని వారు బౌద్ధాలయాల ఆవరణల్లోనూ సమాధుల దగ్గరా నాటుతారు, దాని కొమ్మల్ని బుద్ధుడి ముందు ఉంచుతారు, ఆకులూ బెరడూ పొడిచేసి ధూపానికి వాడతారు, నోట్లో మాత్రం పెట్టుకోరు. అక్కడి విషపదార్థాల నియంత్రణ చట్టం కిందికి ఈ కాయ వస్తుంది. జపాన్‌లో పనిచేసిన సీబోల్డ్ అనే జర్మన్ వైద్యుడు 1830లలో దీనికి దైవసంబంధమైనది అనే అర్థం వచ్చేలా రెలిజియోసమ్ అని వేరే పేరు పెట్టాడు. కానీ వృక్షశాస్త్ర నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి, సోంపు వాసన లేని విషపు చెట్టుకు సోంపు పేరు శాశ్వతంగా ఉండిపోయింది. చివరకు 1888లో, పైన చెప్పిన హుకర్ గారే, వంటకు వాడే కాయ కాసే చెట్టును విడిగా గుర్తించి దానికి ఇల్లీసియం వేరమ్ అని నామకరణం చేశారు. వేరమ్ అంటే అసలైనది. లిన్నేయస్ పెట్టిన పేరుకూ ఈ పేరుకూ మధ్య 129 ఏళ్ళ ఎడం ఉంది.

ఈ పాత కథను ఇంత పొడుగునా చెప్పడానికి కారణముంది. ఆ పొరపాటు పుస్తకాల్లో ముగిసింది గానీ సరుకులో ముగియలేదు. 2001లో నెదర్లాండ్స్‌లో అనాస పువ్వు తేనీరు తాగిన సుమారు 60 మంది వాంతులతో, వణుకుతో, కొందరు మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ తేనీటిలో జపాన్ జాతి కాయలు కలిసినట్టు తేలింది. 2003 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, అనాస పువ్వు తేనీరు తాగవద్దని ప్రజలను హెచ్చరించింది. అప్పటికి అస్వస్థులైన సుమారు 40 మందిలో 15 మంది పసిపిల్లలు. వారిలో చాలామందికి ఆ కషాయం పట్టింది కడుపునొప్పి తగ్గుతుందని నమ్మిన కుటుంబసభ్యులే.

విషం పేరు అనిసాటిన్. మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచి ఉంచే గాబా అనే రసాయన సంకేతం పనిచేయకుండా ఇది అడ్డుపడుతుంది. పగ్గం వదిలిన ఎద్దుల్లాగా నాడులు విజృంభిస్తాయి, మొదట వాంతులు, చిరాకు, కళ్ళు అదరడం, ఆపైన మూర్ఛలు వస్తాయి. శరీరం బరువు తక్కువైన శిశువులో చాలా కొద్ది మోతాదే ఇంత పని చేస్తుంది. అసలైన అనాస పువ్వులో కూడా వెరానిసాటిన్లు అనే దగ్గరి సంబంధం గల పదార్థాలు స్వల్పంగా ఉన్నాయి. పెద్దలు వంటలో ఒకటి రెండు కాయలు వేసుకున్నప్పుడు వాటి ప్రభావం లెక్కలోకి రాదు. అదే కాయను నాలుగైదు చొప్పున చిక్కగా మరిగించి ఐదు కిలోల బిడ్డకు పోస్తే లెక్క మారిపోతుంది. మీ అమ్మమ్మగారు పోసేవారన్నారు, ఏమీ కాలేదన్నారు. కాకపోయి ఉండవచ్చు. అప్పటి కాయల్లో వేరే జాతి కలవలేదని మాత్రమే దానివల్ల తెలుస్తుంది, ఇప్పుడు మీ చేతిలో ఉన్న పొట్లం గురించి ఏమీ తెలియదు. ఒకవేళ ఇప్పటికే పోసి ఉంటే, బిడ్డ అకారణంగా వాంతి చేసుకున్నా, ఉలిక్కిపడుతున్నా ఇంట్లో ఏమీ ప్రయత్నించకుండా మిగిలిన కాయలతో సహా ఆసుపత్రికి వెళ్ళండి.

ఏ కాయ ఏ జాతిదో ఇంట్లో తెలుసుకోవచ్చా? కొంతవరకు తెలుసుకోవచ్చు. అసలైన కాయ వెడల్పుగా, దాదాపు మూడున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల అడ్డుకొలతతో ఉంటుంది. రెక్కలు దిట్టంగా, చివర మొద్దుగా ఉంటాయి. తొడిమ మిగిలి ఉంటే కొక్కెంలా వంగి ఉంటుంది. షికిమి కాయ చిన్నది, రెక్కల చివర సన్నని ముక్కులా పైకి వంపు తిరుగుతుంది, తొడిమ తిన్నగా ఉంటుంది, వాసన సోంపుకు దూరంగా ఏలకులకో కర్పూరానికో దగ్గరగా ఉంటుంది. అయితే రెక్కల లెక్కను పూర్తిగా నమ్మకండి. షికిమికీ సాధారణంగా ఎనిమిదే ఉంటాయి, అసలైనదానికి ఏడు నుంచి పది దాకా రావచ్చు. లెక్క ఒక దిశలో మాత్రం పనికి వస్తుంది: పదికి మించిన రెక్కలు సంచిలో తరచుగా కనబడితే అది వంటకు వాడే జాతి కాదు. చైనాలో పెరిగే మరొక విషజాతికి కూడా పది నుంచి పధ్నాలుగు వరకు ఉంటాయి. వీటన్నిటికంటే నమ్మదగినది ముక్కు. ఒక రెక్క విరిచి వాసన చూడండి, తీపి సోంపు వాసన వెంటనే తగలాలి. రుచి చూసి పరీక్షించే పని మాత్రం, మీరు ఒకసారి చేశారు గానీ, మళ్ళీ చేయకండి. ఇక పొడిచేసి అమ్మేదాని విషయంలో కన్నూ ముక్కూ రెండూ ఓడిపోతాయి, అక్కడ ప్రయోగశాల పరీక్షే శరణ్యం. అందుకే అనాస పువ్వును ఎప్పుడూ కాయగానే కొనమని, పొడి కొనవద్దని అడిగినవారందరికీ చెబుతుంటాను.

మీ పొట్లాన్ని వంటలో వాడవద్దనే నా సలహా. లిస్సీని కొండల్లో సుగంధద్రవ్యంగానూ మందుగానూ సేకరిస్తారు, అమ్ముతారు, అది నిజమే. కానీ దాన్ని ఎరిగినవారు వాడే తీరు వేరు, అది అనాస పువ్వే అనుకుని మీరు అదే కొలతతో వేయడం వేరు. పైగా అనాస పువ్వు ఇచ్చే రుచిని అది ఇవ్వదు. తెలియని మోతాదులో చేదు తప్ప మీకు దక్కేది ఏమీ లేదు.

అసలైన అనాస పువ్వు ఎక్కడిదంటే, దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీ, దానిని ఆనుకుని ఉన్న ఈశాన్య వియత్నాం. చైనాలో పండేదాంట్లో అత్యధిక భాగం గ్వాంగ్‌షీదే. వియత్నాంలో లాంగ్ సోన్ రాష్ట్రపు కొండవాలుల మీద తాయ్, నుంగ్ ప్రజలు తరాలుగా దీన్ని పెంచుతున్నారు, ఆ పంటకు 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చైనా భాషలో దీని పేరుకు ‘ఎనిమిది కొమ్ములు’ అని అర్థం. ఈ జాతిలో నేడు కనిపించే చెట్లు దాదాపుగా నాటినవే. అడవి చెట్టు అన్న మాట మీ లిస్సీకి వర్తించినంతగా దీనికి వర్తించదు. చెట్టు కాపుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది, పూర్తి దిగుబడికి పదిహేనేళ్ళు దాటాలి, ఆ తరువాత దశాబ్దాలపాటు కాస్తూనే ఉంటుంది. తాత నాటిన చెట్టు ఫలం మనవడు తింటాడన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

మనకు తెలిసిన ఎర్రగోధుమ రంగు చెట్టు మీద ఉండదు. కాయలు ఆకుపచ్చగా ఉన్నప్పుడే కోస్తారు. వాటిని మరిగే నీళ్ళలో కొద్ది నిమిషాలు ముంచి తీసి, చాపల మీద పరిచి ఎండబెడతారు. ఆ వేడినీటి స్నానం వల్ల పచ్చదనం చచ్చి, ఎండలో రంగు తిరుగుతుంది, రెక్కలు నోరు తెరుస్తాయి. రంగు కోసం గంధకపు పొగ పట్టించే అలవాటు కొందరికి ఉంది. మరీ ఒకే రంగులో నిగనిగలాడుతూ, ముక్కు దగ్గర పెట్టుకుంటే సోంపు కంటే ముందు పుల్లని ఘాటు తగిలే సరుకును పక్కన పెట్టడం మంచిది. కాస్త మచ్చలతో, రంగు తేడాలతో ఉన్న కాయే నా లెక్కలో మేలు.

అనాస పువ్వు తింటే ఫ్లూ రాదని మీ మిత్రులు అన్నారట. ఆ నమ్మకానికి మూలం షికిమిక్ ఆమ్లం. 1885లో ఐక్‌మన్ అనే డచ్ రసాయనశాస్త్రజ్ఞుడు జపాన్ షికిమి నుంచి దాన్ని వేరుచేశాడు, పేరు కూడా ఆ చెట్టుదే. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు తయారీకి అది ముడిపదార్థం కావడంతో, 2005లో పక్షి జ్వరం భయం కమ్ముకున్నప్పుడు అనాస పువ్వుకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. కానీ ఆ ఆమ్లం మందు కావడానికి వరుసగా ఎన్నో రసాయన చర్యలు జరగాలి. కాయను నమిలినా కాచి తాగినా అందులో ఆ మందు ఉండదు. ఇప్పుడు ఆ ఆమ్లాన్ని సూక్ష్మజీవుల చేత కూడా తయారు చేయిస్తున్నారు.

అడవి చెట్టు మీద ఇలాంటి గిరాకీ పడితే దెబ్బ నేరుగా చెట్టుకే తగులుతుంది. తోట యజమాని తన చెట్టు కొమ్మ నరకడు, అడవిలో మొదట వచ్చినవాడు మాత్రం కాయ అందకపోతే కొమ్మే దించుతాడు. నెమ్మదిగా పెరిగే చెట్టుకు ఆ కొమ్మ మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. పైగా కాయలన్నీ కోసుకుపోతే నేల మీద రాలే గింజ ఉండదు. లిస్సీ నేడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో అంతరించే ముప్పున్న జాతిగా నమోదై ఉంది. మీ మిత్రులు మళ్ళీ వెళ్ళినప్పుడు తెస్తానంటే, వద్దని చెప్పడానికి ఇదొక కారణం.

చివరగా గింజల సంగతి. ఇల్లీసియం గింజలు నూనె నిండినవి, ఎండితే త్వరగా చచ్చిపోతాయి. కాయ నుంచి వేరుచేసిన వెంటనే తడి ఇసుకలో ఉంచి, చల్లని నీడలో నాటితేనే ఆశ. మొలిచిన మొక్కలకు తొలి ఏళ్ళలో నీడ, ఎప్పుడూ తేమ ఉండే పులుపు నేల, మండని వేసవి కావాలి. 2,000 మీటర్ల ఎత్తులోని మంచులో పెరిగే లిస్సీకి మైదానపు ఎండ అసలే పడదు. మీ పొట్లంలోని కాయలు ఎండి నెలలు గడిచాయంటున్నారు కాబట్టి ఆ గింజలు మొలవవు. ఒకటి గోటితో గిల్లి చూడండి, లోపలి పప్పు తెల్లగా ఉండవలసినచోట పసుపుపచ్చగా ముడుచుకుని, పాతబడిన నూనె కంపు కొడుతుంది.